జడ్జిల ప్రశ్నలకి పిల్లల్ని ఎలా రెడీ చేస్తారు?

అందరికీ నమస్తే, నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను, సైన్స్ ఫెయిర్‌కి ఇంకో 3 వారాలే టైముంది, ప్రాజెక్టులు బానే వచ్చాయి కానీ జడ్జిల ముందు మాట్లాడటం దగ్గరే పిల్లలు తడబడుతున్నారు. ఒకమ్మాయి ఉప్పునీళ్లలో విత్తనాలు ఎలా మొలకెత్తుతాయో చూసింది, ఉప్పు పెరిగేకొద్దీ మొలకలు తగ్గాయి, పోల్చి చూడ్డానికి మామూలు నీళ్లతో కంట్రోల్ పెట్టింది, ఒక్కో గాఢతకి 20 గింజలు, మొత్తం 3 సార్లు చేసింది, లాగ్‌బుక్ కూడా నీట్‌గా రాసింది. నిన్న నేనే జడ్జిలా కూర్చుని "3 సార్లు ఎందుకు చేశావ్, ఒక్కసారి సరిపోదా?" అంటే బిక్కమొహం వేసింది. ఆస్మాసిస్ (పల్చటి పొర గుండా నీళ్లు ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకి వెళ్లడం) డెఫినిషన్ మాత్రం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేసింది, అదే ఉప్పు ఎక్కువైతే గింజ నీళ్లు ఎందుకు సరిగ్గా పీల్చుకోలేదో సొంత మాటల్లో చెప్పమంటే రాదు. (తప్పు నాదే లెండి, స్క్రిప్ట్ రాసిచ్చింది నేనే.)

ఇంకో అబ్బాయైతే అనుకున్న రిజల్ట్ రాలేదని ఆ గ్రాఫ్‌నే బోర్డు మీంచి పీకేద్దామంటున్నాడు! హైపోథిసిస్ తప్పైనా పర్లేదురా, ఎందుకలా వచ్చిందో ఆలోచించి చెప్పు చాలు అంటే నమ్మట్లా.

మీలో జడ్జిగా వెళ్లినవాళ్లు గానీ పిల్లల్ని ట్రైన్ చేసినవాళ్లు గానీ ఉంటే కాస్త చెప్పండి, స్క్రిప్ట్ పూర్తిగా మాన్పించి పాయింట్లే ఇవ్వాలా? తెలీని ప్రశ్నొస్తే "తెలీదండీ" అని ఊరుకోమనాలా, లేక దాన్ని ఎలా టెస్ట్ చేయొచ్చో చెప్పమనాలా? సబ్జెక్ట్ అస్సలు తెలీనివాళ్లతో ప్రశ్నలడిగిస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా?