బాఖ్ ఉత్సవంలో మూడు గంటల మాథ్యూ పాషన్: సంగీతం రానివాళ్ళం కూర్చోగలమా?

పర్మా శిరీష:

అందరికీ నమస్కారం. మా టీంలో ఒకావిడ కూతురు క్లీవ్‌లాండ్ పక్కన బెరియాలో బాల్డ్విన్ వాలెస్ యూనివర్సిటీలో చదువుతోంది, అక్కడి కోరస్‌లో పాడుతుంది. ఏప్రిల్‌లో వాళ్ళ బాఖ్ ఉత్సవం, పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ పేరు మీద. ఈసారి సెయింట్ మాథ్యూ పాషన్ అట, అంటే మత్తయి సువార్తలోని ఏసు సిలువ కథకి బాఖ్ కట్టిన సంగీతం. మొహమాటానికి "తప్పకుండా వస్తాం" అన్నాను, ఆవిడ వెంటనే రెండు టికెట్లు చేతిలో పెట్టేసింది. ఇంటికొచ్చి చూస్తే దాదాపు మూడు గంటలు, అంతా జర్మన్! పాశ్చాత్య సంగీతం అంటే నాకు తెలిసింది సినిమా పాటల్లో వెనకాల మోగే వయొలిన్లే.

రెండో టికెట్ అమ్మకి. క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన చూపిస్తానని గుంటూరు నుంచి పిలిపించాను, ఇది పైన కొసరు. అమ్మకి పంచరత్నాలు ఐదూ నోటికొచ్చు. పుస్తకం చూసి పాడేవాళ్ళని చూస్తే కొంచెం చిన్నచూపు కూడా. మధ్యలో "ఇదేం పాటే" అని గట్టిగా అడుగుతుందేమోనని ఇప్పటినుంచే టెన్షన్.

మధ్యలో లేచి రావచ్చా? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? ముందుగా ఏమైనా విని వెళ్ళాలా? శుక్రవారం ఆర్గన్ కచేరీ కూడా ఉంది, దానికీ వెళ్ళమంటారా? అసలు బెరియా లాంటి చిన్న ఊళ్ళో ఈ ఉత్సవం ఎలా పుట్టింది?

హడ్సన్ రాజు:

రెండు భాగాలు, మధ్యలో ఇంటర్వెల్. అప్పుడు కోట్లు తీసుకుని జారుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేను అదే చేశాను. మీ కొలీగ్ అడిగితే "కోరస్ అద్భుతం" అనండి, సరిపోతుంది.

వయొలిన్ మాష్టారు:

శిరీష గారూ, రాజు గారి సలహా పాటించకండి. మొదటి భాగం గెత్సేమనే తోటలో ఏసుని పట్టుకోవడంతో అయిపోతుంది. విచారణ, పేతురు బొంకు, సిలువ అన్నీ రెండో భాగంలోనే. ఇంటర్వెల్‌కి ఇంటికెళ్ళడమంటే సీతాపహరణం కాగానే రామాయణం మూసేయడమే. రాజు గారు ఏమీ అనుకోకూడదు.

నేను విజయవాడ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ పగలు ఆఫీసులో లెక్కలు రాస్తాను, సాయంత్రం పిల్లలకి పాఠాలు చెబుతాను. బెరియా ఉత్సవానికి వీలైనప్పుడల్లా వెళ్తాను, ముఖ్యంగా ఆ కోరస్ కోసం. సోలోలు పాడటానికి బయటినుంచి పేరున్న గాయకులు వస్తారు, వాళ్ళు బాగానే పాడతారు, అది వాళ్ళ వృత్తి. కోరస్‌లో నిలబడేది మాత్రం పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే బాఖ్ పెద్ద కృతులు నాలుగు వంతులవారీగా వస్తాయి: మాథ్యూ పాషన్, జాన్ పాషన్, బి మైనర్ మాస్, క్రిస్మస్ ఒరటోరియో. నాలుగేళ్ళ చదువులో ఒక్కొక్కటీ ఒక్కసారి. అంటే మీ కొలీగ్ కూతురు మాథ్యూ పాషన్ కాలేజీలో పాడేది ఇదొక్కసారే. ఆ అమ్మాయి మొహం చూస్తూ వినండి.

ఊరి సంగతి చెప్తాను. ఒకప్పుడు బెరియా ఇసుకరాయి గనులకి, సానరాళ్ళకి పేరుమోసిన ఊరు. జర్మన్ కుటుంబాలు చాలా ఉండేవి. వాళ్ళ జర్మన్ వాలెస్ కాలేజీ, పక్కనే ఉన్న బాల్డ్విన్ యూనివర్సిటీ 1913లో కలిసిపోయాయి. ఆల్బర్ట్ రీమెన్‌ష్నైడర్ ఇక్కడి వాడే, పారిస్ వెళ్ళి గిల్మాన్, విడోర్ల దగ్గర ఆర్గన్ నేర్చుకుని వచ్చాడు. ఆయనా, భార్య సెల్మా కలిసి 1932లో ఈ ఉత్సవానికి పునాది వేశారు. ఆర్థిక మాంద్యం రోజులవి, గుర్తుంచుకోండి! అమెరికాలో కాలేజీలు నడిపే బాఖ్ ఉత్సవాల్లో ఇదే పాతది. హార్మొనీ నేర్చుకునే పిల్లల బల్ల మీద బాఖ్ 371 కొరాల్స్ (చర్చిలో అందరూ పాడే పాటలు) పుస్తకం ఇప్పటికీ కనిపిస్తుంది కదా, దాని సంపాదకుడు ఈయనే.

ఇక వినడం గురించి. మొత్తం అర్థం కావాలని పట్టుపట్టకండి. ప్రోగ్రాం పుస్తకంలో జర్మన్ పక్కనే ఇంగ్లీష్ ఉంటుంది. కానీ తల అందులో పెట్టుకుని కూర్చోవద్దు. కోరస్ ఏ పాత్రలోకి మారుతోందో చూస్తూ ఉండండి చాలు.

ఇందులో రెండు కోరస్‌లు, రెండు ఆర్కెస్ట్రాలు ఉంటాయి. మొదలవగానే కింద బాస్ (అన్నిటికంటే కింది స్థాయి వాద్యాలు) ఒకే స్వరం మీద నడుస్తూ ఉంటుంది, మన శ్రుతిలా. మీ అమ్మగారు అది వెంటనే పట్టేస్తారు. దాని మీద ఒక కోరస్ "చూడండి" అంటుంది. రెండోది "ఎవరిని?" అని అడుగుతుంది. "పెండ్లికుమారుణ్ణి." "ఎలా?" "గొర్రెపిల్లలా." ఈ సవాలు జవాబుల మధ్యలోంచి, వాటన్నిటికీ పైన, సొప్రానో గొంతులు ఒక పాత చర్చి పాటని నిదానంగా, ఏ హడావిడీ లేకుండా పాడుకుంటూ పోతాయి. అక్కడ నాకు ఎవరి వెంట వెళ్ళాలో తెలిసేది కాదు. ఒకే రాగపు దారి పట్టుకుని నడిచిన చెవి మనది కదా. ఇప్పుడు ఆ పైగొంతు వెంటే వెళ్తాను, మిగిలినవి వాటంతట అవే వినిపిస్తాయి.

ఇక నాకు ఈ పాషన్ మొత్తంలో బాగా నచ్చిన చోటు. చివరి భోజనం దగ్గర ఏసు "మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు" అంటాడు. శిష్యులు ఒకరి మీద ఒకరు పడుతూ "ప్రభువా, నేనా?" అని అడుగుతారు. ఆ "ప్రభువా" అన్న పిలుపు లెక్కపెడితే పదకొండు సార్లు. పన్నెండో వాడు యూదా, వాడు అడగడు, అప్పటికి. ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా అదే కోరస్, అదే పిల్లలు, "నేనే, శిక్ష పడాల్సింది నాకే" అని నెమ్మదిగా కొరాల్ ఎత్తుకుంటారు. ఒక్క క్షణం ముందు శిష్యులు, ఇప్పుడు హాల్లో కూర్చున్న మనం. తర్వాత వాళ్ళే, ఏసుని కాదు బరబ్బా అనే ఖైదీని వదలమని, "బరబ్బా!" అని ఒకే ఒక్క అరుపు అరిచే గుంపు కూడా. ఆ అరుపుకి ముందు వరసలో వాళ్ళు ఉలిక్కిపడటం చూశాను.

ఒక కొరాల్ మెట్టు మాత్రం ముందే యూట్యూబ్‌లో విని వెళ్ళండి. "ఓ హౌప్ట్ ఫోల్ బ్లూట్ ఉండ్ వుండెన్" అని వెతకండి. 1601లో హాస్లర్ ప్రేమపాటకి కట్టిన వరస అది, తర్వాత చర్చిలోకి వచ్చింది. పాషన్‌లో ఐదు సార్లు వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు అర స్వరం కిందికి దిగి ఉంటుంది. ఆఖరిసారి ఏసు ప్రాణం విడిచిన వెంటనే వస్తుంది, అప్పుడు కింది గొంతుల నడక పూర్తిగా వేరు. అమ్మగారికి కీర్తనల్లో సంగతులు అలవాటే కాబట్టి మెట్టు అదే అయినా అల్లిక ఎలా మారిందో మీకే చెప్తారు.

ఏసు మాట్లాడినప్పుడల్లా వయొలిన్లు చుట్టూ వెలుగులా సాగుతుంటాయి. సిలువ మీద "ఏలీ, ఏలీ" (నా దేవా, నా దేవా) అన్నప్పుడు మాత్రం అవి ఆగిపోతాయి.

పేతురు ఏడ్చిన తర్వాత వచ్చే "ఎర్‌బార్మె దిహ్" గురించి రాస్తే ఈ పేజీ చాలదు. ఆల్టో (సొప్రానో కంటే కింది గొంతు) పాడుతుంది, సోలో వయొలిన్ పక్కనే. కింద బాస్ తీగలు మీటుతారు, కమాను వేయరు. వయొలిన్ మొదటి స్వరం నుంచి ఒక్కసారిగా పైకి లేచి, అక్కడినుంచి వంకర్లు తిరుగుతూ దిగుతుంది. మన గమకం కాదది, కానీ ఆ ఏడుపు మనకి తెలిసిందే. నా శిష్యుల చేత ఆ మొదటి రెండు వరసలు వాయించాలని చూస్తుంటాను. చేతివేళ్ళు అందుకుంటాయి, ఊపిరి అందుకోదు.

చప్పట్లు: ప్రతి భాగం చివర, అంతే. ఆరియా (ఒక్కరే పాడే పాట) బాగుందని మధ్యలో "భలే" అనకూడదు. అమ్మగారికి ఇది ముందే చెప్పండి!

పర్మా శిరీష:

మాష్టారూ, చాలా థాంక్స్! అమ్మకి చదివి వినిపించాను. "మధ్యలో భలే అనకూడదా, మరి పాడేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అంది. ఇంకో సందేహం. మాకు సువార్త కథ పైపైన మాత్రమే తెలుసు. అది తెలియకపోతే ఇబ్బందా? ఆర్గన్ సంగతి కూడా చెప్పండి.

తెనాలి బెన్నీ:

ఆర్గన్ నాకు వదిలేయండి. చిన్నప్పుడు మా చర్చిలో హార్మోనియం వాయించాను, ఇప్పుడు ఒహాయోలో ఒక చిన్న చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాను.

ముందు కథ: మత్తయి సువార్త 26, 27 అధ్యాయాలు తెలుగు బైబిల్లో చదివేయండి, అరగంట పని. బాఖ్ ఆ రెండు అధ్యాయాల మాట మాటకీ సంగీతం కట్టాడు. 1727 గుడ్ ఫ్రైడే నాడు లైప్‌జిగ్‌లో మొదటిసారి పాడినప్పుడు రెండు భాగాల మధ్య ఇంటర్వెల్ బదులు ప్రసంగం ఉండేది. కాబట్టి మూడు గంటలని బాధపడకండి, మనం అదృష్టవంతులం. విచారణ ఘట్టంలో యూదుల గుంపు మాటలు కొన్ని వింటే నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. ఆ వాక్యాలని యూదుల మీద ద్వేషానికి వాడుకున్న చరిత్ర పెద్దది. అమ్మగారు అడిగితే దాటేయకుండా చెప్పండి.

ఆర్గన్ కచేరీకి వెళ్ళండి. వాయించేవాళ్ళ కాళ్ళు కనిపించే చోట కూర్చోండి, అదొక్కటే నా షరతు. హార్మోనియంలో ఒక చెయ్యి గాలికి పోతుంది కదా. ఇక్కడ గాలి మోటారు చూసుకుంటుంది (బాఖ్ రోజుల్లో వెనకాల మనుషులు తిత్తులు తొక్కేవాళ్ళు), రెండు చేతులూ రెండు కాళ్ళూ ఖాళీ. స్టాప్ (ఒక్కో గొట్టాల వరసని పలికించే మీట) మీద 8 అని ఉంటే అందులో పొడుగాటి గొట్టం సుమారు 8 అడుగులు. 16 అని ఉంటే ఒక స్థాయి కింద మోగుతుంది, చెవికంటే ముందు కుర్చీకి తెలుస్తుంది. కార్యక్రమంలో సి మైనర్ పాసకాలియా ఉంటే అదృష్టం. మొదట చేతులు లేకుండా కాళ్ళు ఒక్కటే ఎనిమిది బార్ల (మన ఆవర్తనాల్లాంటివి) వరస వాయిస్తాయి. ఆ వరస మీద ఇరవై వేరియేషన్లు, ఆ పైన ఫ్యూగ్ (ఒకే వరసని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునేది). ఇరవయ్యేళ్ళ బాఖ్ 1705లో అప్పటి పేరున్న ఆర్గన్ విద్వాంసుడు బుక్స్‌టెహుడె వాయిస్తే వినడానికి ఆర్న్‌స్టాట్ నుంచి ల్యూబెక్‌కి సుమారు 400 కిలోమీటర్లు నడిచి వెళ్ళాడు. నాలుగు వారాలు సెలవు పెట్టి నాలుగు నెలలు ఉన్నాడు. తిరిగొచ్చాక పైవాళ్ళు పిలిచి సంజాయిషీ అడిగారు. మీరు పర్మా నుంచి కారులో వెళ్ళడమే కదా.

హడ్సన్ రాజు:

సరే, ఓడిపోయాను. ఈసారి రెండో భాగం కూడా ఉంటాను. కానీ కుర్చీల మాట ఎవరూ ఎత్తడం లేదు.

వయొలిన్ మాష్టారు:

నడుముకి చిన్న దిండు తెచ్చుకోండి రాజు గారూ, నేనూ తెచ్చుకుంటాను.

శిరీష గారూ, ఒకటి మర్చిపోయాను. కచేరీకి ముందు కాలేజీలోని మార్టింగ్ హాల్ టవర్ మీదనుంచి బ్రాస్ (ఇత్తడి ఊదే) వాద్యాల వాళ్ళు కొరాల్స్ వాయిస్తారు, కింద గడ్డిలో నిలబడి వినచ్చు. అరగంట ముందే వచ్చేయండి. విమానాశ్రయం దగ్గరే కాబట్టి ఒక్కోసారి విమానం కూడా శ్రుతి కలుపుతుంది. అమ్మగారికి శాలువా సరిపోదు, మందపాటి కోటు వేయించండి. క్లీవ్‌లాండ్ ఏప్రిల్‌ని నమ్మలేం.