టెస్టింగ్‌లో టాప్ టైమ్ కొట్టిన కారే అసలు ఫాస్ట్ కారా?

ప్రశ్న:
ఈసారి ఫార్ములా వన్ ప్రీసీజన్ టెస్టింగ్ మొదటి రోజు నుంచే ఫాలో అవుదామనుకుంటున్నా. పాత టైములు తిరగేస్తే ఒకటి అర్థం కాలేదు. 2024 బహ్రెయిన్ టెస్టింగ్‌లో అందరికన్నా ఫాస్ట్ ల్యాప్ ఫెరారీలో సైంజ్‌ది, 1:29.921. తీరా వారం తిరిగాక అదే ట్రాక్ మీద రేసు గెలిచింది రెడ్ బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్. సైంజ్ 25 సెకన్లు వెనక, మూడో స్థానం. మరి ఆ పట్టిక దేనికండీ?

జవాబు:
ముందు టైము పక్కన ఏ టైరో చూడండి. సైంజ్ ఆ ల్యాప్ వేసింది సీ4 రకం టైరు మీద. అంకె పెరిగేకొద్దీ రబ్బరు మెత్తన, ఒక్క ల్యాప్‌కి వేగం ఎక్కువ. కాబట్టి సీ5 మీద 1:30.2 కన్నా సీ3 మీద 1:30.5 మంచి టైమే కావచ్చు.

రెండోది ఇంధనం. ఇది ఏ టీమూ చెప్పదు. పది కిలోలకి ల్యాప్‌కి సుమారు 0.3 సెకను అనుకోండి. ఒకరు 10 కిలోలతో, ఇంకొకరు 50 కిలోలతో తిరిగితే అక్కడే 1.2 సెకన్లు. పట్టికలో మనం నోరెళ్లబెట్టే తేడా ట్యాంకులోనే ఉండొచ్చు. అందుకే నేను లాంగ్ రన్సే, అంటే ఆగకుండా వరసగా తిరిగే ల్యాపులే చూస్తా.

ప్రశ్న:
లాంగ్ రన్ అని ఎలా పట్టుకోవాలి? లైవ్ టైమింగ్‌లో నాకన్నీ అంకెలే.

జవాబు:
పిట్‌లోకి రాకుండా వరసగా 15 ల్యాపులు వేశాడంటే కాగితం తీయండి. మొదటిది 1:36.8, చివరిది కూడా 1:36.8 అనుకుందాం (అంకెలు నావే). టైరు అరగలేదని సంబరపడకండి. 2024 లెక్కలో రేసుకి ఇంధనం 110 కిలోల పరిమితి, బహ్రెయిన్‌లో 57 ల్యాపులు, అంటే ల్యాప్‌కి 1.9 కిలోలు. మొదటి ల్యాప్ నుంచి చివరిదానికి 14 ల్యాపుల్లో 27 కిలోలు కాలిపోయి కారు 0.8 సెకను ఫాస్ట్ అవ్వాలి. అవ్వలేదంటే ఆ 0.8 టైరే మింగింది. ఇదే రన్‌లో పక్క టీమ్ 1:36.4కి దిగితే భయపడాల్సింది వాళ్లకి. కాకపోతే మధ్యాహ్నం ఎండలో రన్‌ని సాయంత్రం రన్‌తో పోల్చొద్దు. అక్కడ రేసు జరిగేది రాత్రి.

ఇంకొకరి జవాబు:
ఎన్ని ల్యాపులు తిరిగారో కూడా చూడండి బ్రో. 2014లో స్పెయిన్‌లోని హెరెత్ ట్రాక్ మీద జరిగిన టెస్టులో రెడ్ బుల్ నాలుగు రోజుల్లో తిరిగింది మొత్తం 21 ల్యాపులు. మెర్సిడెస్ 300 దాటింది, ఆ ఏడాది 19 రేసుల్లో 16 గెలిచింది. అలాగని ఫాస్ట్ టైమ్ ప్రతిసారీ బూటకం కాదు. 2009లో బ్రాన్ అనే కొత్త టీమ్ టెస్టింగ్ టైములు చూసి స్పాన్సర్ల కోసం వేసిన షో అన్నవాళ్లున్నారు. తీరా వాళ్ల డ్రైవర్ బటన్ మొదటి ఏడు రేసుల్లో ఆరు ఎత్తుకుపోయాడు.

ప్రశ్న:
థాంక్సండీ. చివరిగా ఒకటి, ఒళ్లంతా ఆకుపచ్చ రంగు పూసుకుని తిరిగే కారు సంగతేంటి?

జవాబు:
అది ఫ్లో-విస్ పెయింట్. గాలి ఏ దారిన పోతోందో ఆ చారలు చెబుతాయి. ముందు చక్రాల వెనక జాలీ లాంటి చట్రం కట్టినా అంతే. ఆ ల్యాప్ టైములు రాసుకోకండి, వాళ్లు బయటికొచ్చింది టైము కోసం కాదు.