జిరాలో పాత ఇష్యూలను ఆర్కైవ్ చేసే స్క్రిప్టుకు డాక్యుమెంటేషన్ ఎలా రాస్తే బాగుంటుంది?

నమస్కారమండీ. మా టీమ్ పనులు, బగ్‌లు ట్రాక్ చేయడానికి జిరా క్లౌడ్ ప్రీమియం వాడుతోంది. క్లోజ్ అయి ఏడాది దాటిన ఇష్యూలను (అందులో రాసుకున్న పనులు, బగ్‌లు) ప్రతి ఆదివారం రాత్రి ఆర్కైవ్ చేసేలా పైతాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. బాగానే పనిచేస్తోంది. చిక్కల్లా దాని గురించి రాయడంలోనే.

ఎలా నడపాలో రాయడం తేలికే. జేక్యూఎల్‌తో (జిరాలో వెతికే క్వెరీ భాష) ఇష్యూలు ఏరుతుంది, ఒక్కో రిక్వెస్టులో 1000 దాకా పంపుతుంది, అడ్మిన్ టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి కీ) కావాలి, అంతే. కానీ జనం అడిగేది వేరు. మొన్న మా టెస్టింగ్ చూసే అమ్మాయి "నా బగ్ ఎవరు డిలీట్ చేశారు?" అని ఒకటే కంగారు. ఆర్కైవ్ అయింది మామూలు సెర్చ్‌లో కనిపించదు, లింకు తెరిస్తే చదవొచ్చు గానీ మార్చలేం, అడ్మిన్ వెనక్కి తేగలరు. సబ్‌టాస్కులు (ఒక ఇష్యూ కింద ఉండే చిన్న పనులు) విడిగా పోవు, పేరెంటు ఇష్యూతో పాటే వెళ్తాయి. ఇవన్నీ ఒకే రీడ్‌మీలో (స్క్రిప్టుతో పాటు పెట్టే వివరాల ఫైల్) కుక్కితే ఎవరూ చదవరు (నేనే చదవను).

వాడేవాళ్లకు ఒక పేజీ, నడిపేవాళ్లకు ఇంకొకటి పెట్టమంటారా? ఫలానా ఇష్యూ ఎందుకు ఆర్కైవ్ అయిందో చెప్పే లాగ్ ఎక్కడ చూడాలో ఏ పేజీలో రాయాలి? ఇలాంటిది రాసినవాళ్లుంటే, కనీసం మొదటి పేరాలో ఏం పెట్టారో చెప్పండి.