గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత ఇంటర్నల్ హెర్నియా: ముందే సర్జన్‌ని ఏం అడగాలి?

కొల్లేటి కొంగ:
మా వదినకి వచ్చే నెల ల్యాప్రోస్కోపిక్ (చిన్న రంధ్రాల గుండా చేసే) రూ-ఎన్-వై బైపాస్, అంటే పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే బరువు తగ్గించే ఆపరేషన్. బరువు తగ్గాక పేగు లోపలే దూరి ఇరుక్కుంటుందని, దాన్నే ఇంటర్నల్ హెర్నియా అంటారని చెప్తున్నారు. రాకుండా చూసుకోగలమా? స్లీవ్‌కి (పొట్టని మాత్రమే కోసి సన్నం చేసే ఆపరేషన్‌కి) మారితే ఈ గొడవ ఉండదా?

కత్తెర-కుట్టు:
స్లీవ్‌లో పేగు జోలికే పోరు కాబట్టి ఈ సమస్య రాదు. కానీ షుగర్, ఛాతీమంట బాగా ఉన్నవాళ్లకి బైపాస్ చెప్పడానికి కారణాలుంటాయి, దీనికోసమే మారకండి.

బైపాస్‌లో చిన్నపేగుని కోసి పైకి తెచ్చి పొట్టకి కలుపుతారు. అప్పుడు పేగుని పట్టుకుని ఉండే పొర, అదే మెసెంటరీ, మధ్య సందులు మిగులుతాయి. పేగుని పెద్దపేగు ముందునుంచి తెస్తే రెండు: పేగుకీ పేగుకీ కలిపిన చోట ఒకటి, పైకి తెచ్చిన పేగు వెనక పీటర్సన్ స్పేస్ ఒకటి. పెద్దపేగు వెనకనుంచి తెస్తే మూడోది కూడా. బరువు తగ్గేకొద్దీ పొరలోని కొవ్వు కరిగి సందు వెడల్పవుతుంది. అందుకే ఇది ఎక్కువగా నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో బయటపడుతుంది. పైగా ల్యాప్రోస్కోపీ తర్వాత లోపల పేగులు అంటుకుపోవడం తక్కువ, అందుకని పేగు ఎటైనా జారుతుంది.

మందు ఒకటే: ఆ సందుల్ని అప్పుడే కరగని దారంతో వరసగా కుట్టేయడం. స్వీడన్‌లో 2,507 మందిపై చేసిన ట్రయల్ 2016లో లాన్సెట్‌లో వచ్చింది. మూడేళ్లలో పేగు అడ్డుపడి మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు కుట్టనివారిలో 10.2 శాతం, కుట్టినవారిలో 5.5 శాతం. అయితే కుట్టినవారిలో మొదటి నెలలో తీవ్రమైన ఇబ్బందులు కొంచెం ఎక్కువ, 4.3 శాతం (కుట్టనివారిలో 2.8). ముఖ్యంగా కలిపిన చోట పేగు మడత పడటంవల్ల. సూది పైపొరకే పట్టాలి. లోతుగా పోతే రక్తనాళం చిరిగి రక్తం గడ్డ కడుతుంది.

కొల్లేటి కొంగ:
అంటే కుట్టినా రావచ్చన్నమాట?

కత్తెర-కుట్టు:
రావచ్చండి. కొవ్వు తగ్గాక కుట్ల మధ్య మళ్లీ సందు తెరుచుకుంటుంది. అందుకే "రెండు సందులూ కుడతారా, దేంతో?" అని ముందే అడిగి, డిశ్చార్జ్‌లో ఆపరేషన్ నోట్స్ కాపీ తప్పకుండా తీసుకోండి. ఏ అర్ధరాత్రో వేరే ఊళ్లో ఎమర్జెన్సీకి వెళ్తే అదే దిక్కు.

స్కాన్ సెంటర్:
మోసం ఎక్కడంటే, తిన్నాక ఎడమవైపు పైకడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, దానంతటదే తగ్గిపోతుంది. వాంతులు లేకపోవచ్చు. "గ్యాస్" అనో, "పిత్తాశయంలో రాళ్లు" అనో (బరువు తగ్గాక రాళ్లూ మామూలే) నెలలు గడిచిపోతాయి. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ నార్మల్ వచ్చాయని ఊరుకోకూడదు. కాంట్రాస్ట్‌తో (నాళాలు స్పష్టంగా కనిపించేలా ఇచ్చే మందుతో) సీటీ స్కాన్ తీయాలి, మెసెంటరీ నాళాలు సుడి తిరిగినట్టు కనిపిస్తే అనుమానం గట్టిపడుతుంది. సీటీ మామూలుగా ఉన్నా నొప్పి పోకపోతే ల్యాప్రోస్కోపీతో చూడాల్సిందే.

కత్తెర-కుట్టు:
ఆ ల్యాప్రోస్కోపీలో పేగుని కిందనుంచి, అంటే చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటునుంచి వెనక్కి లెక్కపెడుతూ రావాలి. పైనుంచి మొదలుపెడితే ఏది ఎటు దూరిందో తేలదు.

పెద్దాసుపత్రి నర్సు:
గర్భం అనుకుంటే ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు. గర్భసంచి పెరిగి పేగుల్ని పైకి నెడుతుంది కాబట్టి చివరి నెలల్లో కడుపునొప్పిని పురిటినొప్పే అని వదిలేయకండి. బైపాస్ జరిగిందని గైనిక్ డాక్టర్‌కి మొదటి విజిట్‌లోనే చెప్పండి.