టర్న్ ఇట్ ఆఫ్ రైటు, లుక్ ఇట్ ఆఫ్టర్ తప్పు: ఎట్ల తెలుసుకోవాల?

ప్రశ్న (కడప): బ్యాంకు పరీక్షకు ఫ్రేజల్ వెర్బ్స్ (టర్న్ ఆఫ్, లుక్ ఆఫ్టర్ లాంటి రెండు మూడు ముక్కల క్రియలు) లిస్టులు బట్టీ పట్టినా ఎర్రర్ స్పాటింగ్‌లో (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో) మార్కులు పోతున్నాయి. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ రైటంట, ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పంట. మరి ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ ఎట్ల రైటయింది? లెక్కేమన్నా ఉందా అన్నా?

జవాబు 1 (అనంతపురం): ఉందప్పా. టర్న్ ఆఫ్‌లో ‘ఆఫ్’ క్రియలో ముక్క. కర్మ (ఆబ్జెక్ట్) నామవాచకమైతే దాన్ని యాడైనా పెట్టొచ్చు: టర్న్ ఆఫ్ ది ఫ్యాన్, టర్న్ ది ఫ్యాన్ ఆఫ్. సర్వనామమైతే మధ్యలోకే రావాల: టర్న్ ఇట్ ఆఫ్, పిక్ దెమ్ అప్, ఫిల్ ఇట్ ఇన్. కర్మ మరీ పొడుగైతే చివరికే తొయ్యండి. ‘ఫిల్ ఇన్ ది ఫామ్ దట్ ది బ్యాంక్ సెంట్ యూ’లో ‘ఇన్’ను ఆఖరున పెడితే, అది వచ్చేసరికి చదివేవాళ్లు ‘ఫిల్’ మర్చిపోయుంటారు.

లుక్ ఆఫ్టర్‌లో ‘ఆఫ్టర్’ ప్రిపొజిషన్. దాని కర్మ దాని వెనకే: లుక్ ఆఫ్టర్ ఇట్, రన్ ఇంటూ హిమ్. మూడు ముక్కలవాటిలో పుట్ అప్ విత్ ఇట్, రన్ అవుట్ ఆఫ్ ఇట్ కూడా అంతే. అనుమానమొస్తే పలికి చూడండి: ‘టర్న్ ఇట్ ఆఫ్’లో ‘ఆఫ్’ను ఒత్తుతాం, ‘లుక్ ఎట్ ఇట్’లో ‘లుక్’ను.

జవాబు 2 (కర్నూలు): పైదానికి కొంచెం చేరుస్తా. అక్షర క్రమంలో లిస్టు చదివితే నిలవదు, చివరి ముక్కను బట్టి గుంపులు చేసుకోండి. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్: తినేయ్, తాగేయ్, వాడేయ్. ‘అప్’ ఇక్కడ పని పూర్తయిందని చెబుతుంది. గివ్ అప్, బ్రింగ్ అప్ ఈ లెక్కలో ఇమడవు, వాటిని వాక్యంతోనే నేర్చుకోవాల. పుట్ ఆఫ్ వాయిదా, కాల్ ఆఫ్ రద్దు. ఈ రెండూ కలగాపులగం చెయ్యొద్దు.

ఇంకోటి, ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ‘టు’ ప్రిపొజిషనే. ప్రిపొజిషన్ వెనక క్రియ ‘ఇంగ్’ రూపంలో రావాల, అందుకే ‘టు మీటింగ్ యూ’ అనాల, ‘టు మీట్ యూ’ తప్పు. ‘కోప్ అప్ విత్’ మన దగ్గర బాగా వినబడుతుంది గానీ రైటు ‘కోప్ విత్’. రెజ్యూమేలో ‘పాస్డ్ అవుట్ ఇన్ 2023’ రాస్తే బ్రిటన్, అమెరికా వాళ్లకు స్పృహ తప్పినట్టు వినిపిస్తుంది. ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయండి.

ప్రశ్న వేసినవారు: అట్లయితే బస్సు దిగడానికి ‘గెట్ ఆఫ్ ఇట్’ అనాలా, ‘గెట్ ఇట్ ఆఫ్’ అనాలా?

జవాబు 1: గెట్ ఆఫ్ ఇట్. వేలికి ఉంగరం బిగుసుకుంటే ‘గెట్ ఇట్ ఆఫ్’.