కాంట్రాక్టు గడువు సెలవు మధ్యలో ముగిస్తే ప్రసూతి జీతం ఎవరివ్వాలి?

మా ఆవిడ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో, ఏజెన్సీ ద్వారా, కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఇది తొలి కాన్పు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల సెలవు ఉంటుందని, కాన్పుకు ముందు అందులో 8 వారాలకు మించి వాడుకోకూడదని చదివాను. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే అర్హత వస్తుంది. ఆమె అంతకంటే చాలా ఎక్కువే చేసింది. నెల జీతం 21,000 రూపాయలు దాటింది కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లేదు.

సెలవు గురించి అడిగితే ఏజెన్సీవారు కంపెనీని అడగమంటారు, కంపెనీవారు ఏజెన్సీని అడగమంటారు. పైగా కాంట్రాక్టు గడువు సెలవు మధ్యలోనే ముగుస్తుంది. ఆ తర్వాతి వారాల డబ్బు రాదా? గర్భిణిని సెలవులో ఉండగా తొలగించకూడదంటారు కదా, గడువు తీరిపోవడం కూడా తొలగింపు కిందికే వస్తుందా? ఇలాంటి పరిస్థితిలో కార్మిక శాఖకు ఫిర్యాదు చేసినవారుంటే, ఎవరి మీద చేశారో, ఏ కాగితాలు జతచేశారో చెప్పండి.

మా అత్తగారు ఏడో నెలలోనే పుట్టింటికి పంపమంటున్నారు. మా ఆవిడ మాత్రం సెలవంతా బిడ్డ పుట్టాకే వాడుకోవాలనుకుంటోంది. నాకు ఆమె మాటే సబబనిపిస్తోంది.

ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన మా బావమరిదికి 15 రోజుల పితృత్వ సెలవు దొరికింది. ప్రైవేటు ఉద్యోగినైన నాకు ఆర్జిత సెలవులే దిక్కా?