హాల్లో రెండేళ్లు నిలబెట్టే 1962 ఫోక్స్‌వాగన్ వ్యాన్: ముందు ఏం చేయాలి?

ప్రశ్న: జర్మనీలో మేం సాయం చేసే చిన్న కార్ల మ్యూజియంకి 1962 ఫోక్స్‌వాగన్ వ్యాన్ వస్తోంది. లోపల వెస్ట్‌ఫాలియా (వ్యాన్లని క్యాంపర్లుగా మార్చే జర్మన్ కంపెనీ) క్యాంపింగ్ సామాను ఉంది: మంచంగా మారే సీటు, చెక్క అల్మారాలు. ఇంజన్ నడుస్తోంది. రెండేళ్లు హాల్లోంచి కదలదు. నెలకోసారి పది నిమిషాలు స్టార్ట్ చేస్తే సరిపోతుందా? లోపలి సామాను అసలుదో కాదో ఎలా తేలుతుంది?

జవాబు: ఆ పది నిమిషాలే చేటు చేస్తాయండీ. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తారు కాబట్టి లోపల పుట్టిన ఆవిరి నీరై ఆయిల్లో కలుస్తుంది. నడిపితే రోడ్డు మీద అరగంటైనా నడపాలి, లేదంటే పూర్తిగా నిద్రపుచ్చాలి.

నిద్రపుచ్చేటట్టయితే ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే పాత ఆయిల్ దింపేయండి, అందులో ఆమ్లాలు ఉంటాయి. కొత్తది 30 గ్రేడ్, రెండున్నర లీటర్లు పడుతుంది. ఈ ఇంజన్‌కి ఫిల్టర్ లేదు, అడుగున జల్లెడ ఒక్కటే. దాని మూత నట్లు 7 న్యూటన్ మీటర్లు దాటి బిగించొద్దు, ఇంజన్ మెగ్నీషియం కేసులోంచి ఆ నట్లు ఎక్కే స్టడ్లు ఊడి వస్తాయి. తర్వాత కొద్దిసేపు నడిపి ఆపి, ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోయండి. పుల్లీ బోల్ట్‌కి 30 మి.మీ. పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక వాల్వ్ తెరిచే ఉంటుంది, కాబట్టి సైలెన్సర్ నోరు, కార్బొరేటర్ నోరు రెండూ మూసేయండి.

అడిగినవారు: ట్యాంకు నిండా పెట్రోలు ఉంచితే లోపల తుప్పు పట్టదంటారు కదా?

జవాబు: ఆ మాట ఇథనాల్ కలవని రోజులది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీళ్లతో కలిసి విడిపోయి అడుగున చేరి ట్యాంకు లోహాన్ని తినేస్తుంది. ట్యాంకు, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి ఆరబెట్టండి. ఇంకో కారణం పెద్దది: ఇంధన గొట్టం చిట్లితే పెట్రోలు ఇంజన్ మీదే పడుతుంది, మెగ్నీషియం అంటుకుంటే మామూలు మంటలార్పే సిలిండర్లు పనిచేయవు. పెట్రోలున్న బండిని హాల్లోకి రానివ్వకపోవడమే మంచిది.

మరొకరు: హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేయకండి, బ్రేక్ షూలు డ్రమ్ములకి అతుక్కుంటాయి. న్యూట్రల్‌లో పెట్టి చక్రాలకి చెక్క దిమ్మెలు చాలు. స్టాండ్ల మీద ఎక్కిస్తే ముందు బీమ్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే భాగం) కింద, వెనక యాక్సిల్ చివరల కింద పెట్టాలి, సిల్స్ (తలుపుల కింది అంచులు) కింద కాదు. వెనక చక్రాలు గాల్లో వేలాడితే స్వింగ్ యాక్సిల్ (పైకీ కిందికీ ఊగే వెనక యాక్సిల్) కిందికి జారి దాని రబ్బరు తొడుగులు చీలుతాయి. నేల మీదే ఉంచేటట్టయితే టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటకుండా 3 బార్ వరకు గాలి పెట్టి, నెలకోసారి కొద్దిగా కదపండి. ఆరు వోల్టుల బ్యాటరీని బయటకి తీసేయండి. నెగటివ్ ముందు విప్పాలి. 6.2 వోల్టుల కింద ఎక్కువ రోజులుంటే సల్ఫేట్ పట్టి పోతుంది. దాని ట్రే కింద తుప్పు కూడా అప్పుడే చూసుకోవచ్చు.

ఇంకొకరు: ఇనుముకి పొడి గాలి మంచిది, ప్లైవుడ్‌కి అది పగుళ్లు తెస్తుంది. హాల్లో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంచితే రెండింటికీ సర్దుబాటు. బట్ట, పరదాల మీద వెలుతురు 50 లక్స్ దాటనివ్వొద్దు. అల్మారాల వెనక, రబ్బరు మ్యాట్ కింద చూడండి, ఈ బళ్లలో తుప్పు అక్కడే దాగుంటుంది.

అసలు సామాను సంగతికి: ముందు బండికున్న ఎమ్ ప్లేట్ (ఫ్యాక్టరీ అమరికల కోడ్లు కొట్టిన చిన్న రేకు) ఫోటో తీయండి. ఇంజన్ గదిలో కొట్టిన ఛాసిస్ నంబరుతో వోల్ఫ్స్‌బుర్గ్‌లోని ఆటోమ్యూజియం ఫోక్స్‌వాగన్‌కి రాస్తే ఫ్యాక్టరీ పత్రం ఇస్తారు. కిటికీల్లేని సరుకు వ్యాన్‌గా బయటికొచ్చిన బండి అని అందులో ఉంటే, సామాను తర్వాత అమర్చిందని అనుమానించాలి. అది తేలేదాకా బోర్డు మీద వెస్ట్‌ఫాలియా అని రాయకండి.

మొదటి జవాబు ఇచ్చినవారు: స్టీరింగ్‌కి ఒక చీటీ కట్టండి: "పెట్రోలు లేదు, సిలిండర్లలో ఆయిల్ ఉంది, సైలెన్సర్ మూసి ఉంది." రెండేళ్ల తర్వాత తాళం తిప్పేది మీరే కాకపోవచ్చు.